కాలేజీ బేస్‌బాల్ హిట్టింగ్ కోచ్ ఉద్యోగం: కేజ్‌లో సగం, రోడ్డు మీద సగం

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. మా అబ్బాయి ఒక డివిజన్ 3 కాలేజీలో సెకండ్ బేస్ ఆడుతున్నాడు. ఇంకో రెండేళ్ళలో డిగ్రీ అయిపోతుంది. ఆ తర్వాత కాలేజీ జట్టుకు హిట్టింగ్ కోచ్‌నవుతా, రిక్రూటింగ్ కూడా చేస్తా అంటున్నాడు. అది నిజంగా ఒక ఉద్యోగమేనా? రోజూ చేసే పనేమిటి? దారి ఎక్కడ మొదలవుతుంది? నాకు క్రికెట్ తప్ప తెలియదు, కాస్త వివరంగా చెప్పండి.

జవాబు:

ఉద్యోగమే, జీతమూ ఉంటుంది. కాకపోతే తలుపు మీద ‘హిట్టింగ్ కోచ్’ అని ఒక్కటే రాసి ఉన్నా లోపల పనులు రెండు. ఉన్న పిల్లల చేత బంతిని కొట్టించడం ఒకటి. రెండు మూడేళ్ళ తర్వాత కొట్టబోయే పిల్లల్ని ఇప్పుడే వెతికి పట్టుకురావడం రెండోది. మీవాడు మొదటి పని మీద ఇష్టంతో ఈ మాట అంటున్నాడని నా అనుమానం. చాలామంది అలాగే వస్తారు. కానీ హెడ్ కోచ్ ఉద్యోగం ఇచ్చేటప్పుడు ముందు చూసేది రెండోదాన్నే. స్వింగ్ గురించి గంటసేపు మాట్లాడగలవాళ్ళకు ఈ దేశంలో కొదవ లేదు. ‘డల్లాస్ చుట్టుపక్కల వచ్చే బ్యాచ్ షార్ట్‌స్టాప్‌లలో (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్లలో) మనకు సరిపోయేవాళ్ళెవరు?’ అని అడిగితే ఫోన్ తెరవకుండా ఆరు పేర్లు చెప్పగలవాళ్ళే తక్కువ.

కాలేజీ ఆటల్లో అన్నిటికన్నా పై మెట్టయిన డివిజన్ 1లో దాదాపు 300 జట్లున్నాయి. ఒక్కో జట్టుకు హెడ్ కోచ్ కాక ముగ్గురు అసిస్టెంట్లు. 2023 జూలై 1కి ముందు ఆ మూడోవాడికి పేరే ‘వాలంటీర్ కోచ్’. పని అందరితో సమానంగా చేయాలి, కాలేజీ జీతం ఇవ్వకూడదు. అతను వేసవి క్యాంపుల్లో వచ్చే డబ్బుతో అద్దె కట్టుకునేవాడు. కాలేజీ క్రీడలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ ఆ పదవినే రద్దు చేశాక మూడో అసిస్టెంటుకు కూడా జీతం ఇచ్చే వీలు వచ్చింది. వీలు మాత్రమే. చిన్న కాలేజీలు కొన్ని ఇప్పటికీ నామమాత్రంగానే ఇస్తాయి. ముగ్గురిలో ఒకరు పిచింగ్ (మన బౌలింగ్ లాంటిది), ఒకరు హిట్టింగ్, మిగిలినవారు ఇన్‌ఫీల్డో (బేస్‌ల దగ్గరి ఫీల్డర్లు), క్యాచర్లో (వికెట్ కీపర్ లాంటివాళ్ళు) చూసుకుంటారు. రిక్రూటింగ్ కోఆర్డినేటర్ బాధ్యత ఎక్కువసార్లు హిట్టింగ్ కోచ్ నెత్తినే పడుతుంది. పిచింగ్ కోచ్ రోజూ పిచర్ల చేతులను కనిపెట్టుకుని ఉండాలి కదా, ఊరు దాటడం అతనికి కష్టం.

ముందు కొట్టించే పని గురించి. మీకు క్రికెట్ తెలుసు కాబట్టి అక్కడి నుంచే వస్తాను. ఇక్కడ బంతి నేల మీద పడి లేవదు, గాల్లోనే వస్తుంది. బ్యాట్ చదును కాదు, గుండ్రం. లావుగా ఉన్నచోట కూడా 2 5/8 అంగుళాలకు మించకూడదు. గుండ్రటి బంతిని గుండ్రటి బ్యాట్‌తో కొడుతున్నాడు కాబట్టి వెంట్రుకవాసి కింద తగిలితే బంతి ఆకాశంలోకి, పైన తగిలితే నేలకు పోతుంది. లేట్ కట్ లాంటిది లేదు. బ్యాటర్ పక్కన నేలలో ఉండే హోమ్ ప్లేట్ ముందున్న 90 డిగ్రీల లోపల పడితేనే లెక్క.

పిచర్ రబ్బరు నుంచి హోమ్ ప్లేట్‌కు 60 అడుగుల 6 అంగుళాలు. అతను ముందుకు పెద్ద అడుగు వేసి వదులుతాడు కాబట్టి బంతి ప్రయాణించేది సుమారు 55 అడుగులే. గంటకు 90 మైళ్ళంటే సెకనుకు 132 అడుగులు. అంటే చేతిలో 0.4 సెకను ఉంది. అందులో స్వింగ్‌కే దాదాపు 0.15 పోతుంది. మిగిలిన పావు సెకనులో అది ఫాస్ట్‌బాలా, చివర్లో పక్కకు వంగే స్లైడరా, స్ట్రైకా (కొట్టదగ్గ చోటికి వస్తోందా) కాదా, కొట్టాలా వదలాలా అన్నీ తేలిపోవాలి. హిట్టింగ్ కోచ్ పని చాలావరకు ఈ పావు సెకనును బాగుచేయడమే. మోచేయి ఎక్కడుంది, మడమ ఎటు తిరిగింది అన్నది ఆ తర్వాతి మాట. కొత్త కోచ్‌లు దీన్ని తలకిందులుగా చేస్తారు.

ప్రాక్టీసులో దూరాన్నీ వేగాన్నీ ఈ లెక్క ప్రకారమే పెట్టాలి. ఎల్-స్క్రీన్ (విసిరేవాడిని కాపాడే వల) వెనక నిలబడి 35 అడుగుల దూరంలో చేయి బంతిని వదిలేలా, 60 మైళ్ళ వేగంతో విసిరితే బంతికి అదే 0.4 సెకను పడుతుంది. 45 అడుగుల నుంచి 50 మైళ్ళతో మెత్తగా వేస్తే 0.6 సెకను. ఆ మెత్తటి బంతుల్ని పిల్లలు వరసగా కంచె దాటిస్తారు, చూసే తల్లిదండ్రులు చప్పట్లు కొడతారు. శుక్రవారం మ్యాచ్‌లో మాత్రం బంతి వెళ్ళిపోయాక బ్యాట్ తిప్పుతారు. విసిరే చేయి రోజుకు 300 బంతులకు తట్టుకోవాలి కాబట్టి కోచ్ తన భుజానికి కూడా వ్యాయామం చేసుకోవాలి. ఇది ఎవరూ చెప్పరు గానీ భుజం పాడైన హిట్టింగ్ కోచ్‌లు చాలామంది ఉన్నారు.

ఒక్కో ఆటగాడికి రోజుకు 80 నుంచి 100 స్వింగ్‌లు చాలు. నలుగురి గుంపు చేసి తిప్పుకోవచ్చు. మొదట టీ (బంతిని నిలబెట్టే కడ్డీ) మీద 25: లోపలి బంతికి టీని ముందు పాదం కన్నా కాస్త ముందుకు, మధ్య బంతికి ముందు పాదానికి సమానంగా, బయటి బంతికి దాదాపు బొడ్డు ఎదురుగా వెనక్కి పెట్టాలి. మూడింటికీ ఒకే చోట టీ ఉంచి కొట్టిస్తే బయటి బంతిని లాగి నేలకు కొట్టే అలవాటును మనమే నేర్పినట్టు. తర్వాత 15 అడుగుల నుంచి ఫ్రంట్ టాస్ (ఎదురుగా మెత్తగా విసిరే బంతులు) 20. ఆ తర్వాత బంతులు విసిరే మెషీన్, ఆరేసి బంతుల చొప్పున నాలుగు విడతలు. ఆఖరున కోచ్ చేతి బంతులు, వేగం మారుస్తూ.

మెషీన్‌తో ఒక చిక్కుంది. దానికి చేయి లేదు. పిచర్ చేయి చూసి అడుగు వేసే సమయాన్ని బ్యాటర్ పట్టుకుంటాడు, మెషీన్ దగ్గర ఆ ఆధారం పోతుంది. కాబట్టి బంతి పెట్టేవాడు ప్రతిసారీ బంతిని తల ఎత్తున చూపించి, ఒకే లయలో కిందకు తెచ్చి చక్రాల్లో వదలాలి. తొందరగా ఒకటి, నిదానంగా ఒకటి పెడితే కుర్రాడి టైమింగ్ చెడుతుంది, తప్పేమో స్వింగ్‌దని రాసుకుంటారు. తడిసిన బంతులు, కుట్లు లేచిన బంతులు కలిపితే ఒకటి పాదాలకు, ఒకటి తలకు వస్తుంది. వేరే బకెట్‌లో తీసి పెట్టాలి.

కేజ్‌లో (క్రికెట్ నెట్స్ లాంటి వల గదిలో) బంతి ఎక్కడ తగిలిందో చూసి బాగా కొట్టాడా లేదా చెప్పడంలో కూడా ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. 70 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు ఉన్న కేజ్ తీసుకోండి. గట్టిగా కొట్టిన బంతి ఎదురుగా ఉన్న ఆఖరి వలలో పైభాగానికి తగిలితే అది సుమారు 10 డిగ్రీల కోణం. సగం దాటాక పైకప్పుకు తగిలితే 15 చుట్టుపక్కల. 20 అడుగుల దగ్గర కప్పుకు తగిలితే 25, అంటే మైదానంలో అయితే కంచె దాటే కోణం. 15 అడుగుల లోపే కప్పుకు తగిలితే 30 దాటింది, సాధారణంగా చేతికి చిక్కే బంతి. ‘కప్పుకు కొట్టొద్దు, ఆఖరి వలకే కొట్టు’ అని నాలుగేళ్ళు అరిచే కోచ్ జట్టు మొత్తాన్నీ నేల బంతులు కొట్టేవాళ్ళుగా తయారుచేస్తాడు. లెక్క తెలిస్తే అరవక్కర్లేదు.

లోపాల సంగతి. అందరికన్నా ఎక్కువ కనిపించేది మణికట్టు ముందే తిరిగిపోయి బంతి నేల మీద షార్ట్‌స్టాప్ వైపు దొర్లడం. చూసేవాళ్ళు ‘చేతులు తిప్పేస్తున్నావు’ అంటారు. పదింట ఏడు సార్లు అసలు కారణం తొందరగా మొదలుపెట్టడం. బంతి రాకముందే బ్యాట్ వచ్చేసింది, ఇక చేతులు ఏం చేయాలి? ముందు పాదం ఎప్పుడు నేలకు ఆనుతోందో స్లో మోషన్ వీడియోలో చూస్తే తెలిసిపోతుంది. రెండోది ఫాస్ట్‌బాల్ కిందకు తగిలి వెనక్కి ఎగరడం. ఇది తరచూ ఆలస్యం. మొదటివాడికి చెప్పిన మందు రెండోవాడికి వేస్తే రోగం ముదురుతుంది. మూడోది ముందు భుజం తెరుచుకుపోవడం. బయటి స్లైడర్‌కు మూడుసార్లు అవుటై భయపడ్డవాడు లోపలి బంతి కోసం తొందరపడతాడు, భుజం తెరుచుకుంటుంది. దానికి భుజం గురించి మాట్లాడకూడదు. ‘సెకండ్ బేస్‌మన్ తల మీదుగా కొట్టు’ అంటే చాలు, భుజం దానంతటదే మూసుకుంటుంది. శరీర భాగం పేరు చెబితే కుర్రాడు దాని గురించి ఆలోచిస్తాడు, పావు సెకనులో ఆలోచనకు చోటు లేదు.

పరికరాలు ఇప్పుడు చాలానే వచ్చాయి. బ్యాట్ పిడికి తగిలించే బ్లాస్ట్ సెన్సర్, బంతి వేగం, కోణం కొలిచే రాప్సోడో, హిట్‌ట్రాక్స్, మైదానంలో ట్రాక్‌మ్యాన్. సంఖ్యల్లో ముఖ్యమైనవి మూడే: బ్యాట్ వేగం, బంతి బ్యాట్ మీద నుంచి వెళ్ళే వేగం, బంతి వచ్చే దారిలో బ్యాట్ ఎంతసేపు ఉందీ అన్నది. ఫాస్ట్‌బాల్ 5, 6 డిగ్రీల వాలుతో కిందకు వస్తుంది కాబట్టి బ్యాట్ కాస్త పైకి, 5 నుంచి 15 డిగ్రీలు, ఎక్కుతూ తగలాలి. ‘కిందకు నరుకు’ అనే పాత సలహా ఇందుకే పోయింది. వేగం పెంచడానికి మామూలు 30 ఔన్సుల బ్యాట్‌తో పాటు 36, 24 ఔన్సుల బ్యాట్లు వాడతారు. శరత్కాలంలో వారానికి మూడు రోజులు, రోజుకు ఇరవై దాటకుండా, పూర్తి బలంతో. ఆ రోజు అతని గరిష్ఠ వేగం కన్నా మూడు మైళ్ళు పడిపోగానే ఆపేయాలి. అలసిన స్వింగ్‌లు అలసటనే నేర్పుతాయి.

మ్యాచ్‌ల కాలం ఫిబ్రవరి మధ్యలో మొదలవుతుంది. మొత్తం 56 మ్యాచ్‌లు. వారాంతంలో ఒకే జట్టుతో మూడు, మధ్యలో మంగళవారం ఒకటి. అంటే ప్రతి వారం కనీసం నలుగురు పిచర్ల మీద రిపోర్ట్ రాయాలి. ఒక్క పేజీ దాటితే ఎవరూ చదవరు. అందులో ఉండాల్సినవి: ఏ బంతి ఎంత శాతం వేస్తాడు, ఎంత వేగం, మొదటి బంతి ఏమిటి, రెండు స్ట్రైకులయ్యాక (మూడోదానికి అవుట్) కుడి, ఎడమ చేతివాటం బ్యాటర్లకు విడివిడిగా ఏమి వేస్తాడు, బేస్ మీద రన్నర్ ఉన్నప్పుడు కదలడం మొదలుపెట్టాక ప్లేట్‌కు బంతిని ఎంతసేపట్లో చేరుస్తాడు. ఆ సమయం 1.3 సెకను దాటి, క్యాచర్ రెండో బేస్‌కు విసిరే సమయం 2.0 దాటితే రన్నర్ తర్వాతి బేస్‌ను దొంగిలించే (బంతి కొట్టకుండానే పరుగెత్తి చేరే) అవకాశం ఉన్నట్టే. వీడియో సినర్జీ అనే సర్వీసులో దొరుకుతుంది, రాత్రి రెండు గంటల బస్సు ప్రయాణంలోనే చూడాల్సి వస్తుంది. పిల్లలకు చెప్పేది మళ్ళీ ఒకే ముక్క: ‘మొదటి రెండు బంతుల్లో నడుము పైనున్న ఫాస్ట్‌బాల్ తప్ప దేన్నీ కొట్టొద్దు.’ రెండు స్ట్రైకులయ్యాక బ్యాట్‌ను అంగుళం పైకి పట్టుకుని, ప్లేట్‌కు దగ్గర జరిగి, అడుగు చిన్నది చేయాలి. ఇది అక్టోబరులోనే అలవాటు చేయాలి, ఏప్రిల్‌లో చెబితే ఎక్కదు.

ఇక రోడ్డు మీది సగం.

డివిజన్ 1 బేస్‌బాల్‌లో హైస్కూల్ కుర్రాడితో ఫోన్‌లో మాట్లాడడానికి, మెసేజ్ పెట్టడానికి, క్యాంపస్‌కు పిలవడానికి అతను జూనియర్ ఏడాదిలోకి, అంటే 11వ తరగతిలోకి వెళ్ళే ముందటి ఆగస్టు 1 వరకు ఆగాలి. 2023లో వచ్చిన నియమం ఇది. అంతకుముందు తొమ్మిదో తరగతి పిల్లలు కూడా నోటిమాట మీద కాలేజీకి ఒప్పుకునేవారు, సగం ఒప్పందాలు తర్వాత గాల్లో కలిసేవి. ఇప్పుడు ఆగస్టు 1 తెల్లవారుజామున రిక్రూటర్ల ఫోన్లు ఒక్కసారిగా మోగుతాయి. ఆ రోజు ఎవరికి ముందు ఫోన్ చేయాలో, రెండోది ఎవరికో ముందే జాబితా ఉండాలి. మొదటి పదిమందిలో మీ ఫోన్ లేకపోతే కుర్రాడు దాన్ని గుర్తుపెట్టుకుంటాడు. చూడడానికి మాత్రం అడ్డు లేదు, మాట్లాడకుండా చూడొచ్చు. అందుకే జూన్, జూలైలలో జార్జియాలోని లేక్‌పాయింట్ లాంటి చోట్ల ఒకే రోజు నాలుగు మైదానాలు తిరుగుతూ, అక్టోబరులో ఫ్లోరిడాలోని జూపిటర్ టోర్నమెంట్‌లో గోల్ఫ్ బండ్ల మీద పరుగెడుతూ కోచ్‌లు కనిపిస్తారు.

ఏమి చూడాలి? అంకెలు అందరి దగ్గరా ఉన్నాయి: టీ మీద నుంచి 90 మైళ్ళు దాటే బంతి వేగం, 60 గజాల పరుగు 6.8 సెకన్లు, హోమ్ ప్లేట్ నుంచి మొదటి బేస్‌కు కుడిచేతి బ్యాటర్‌కు 4.3, ఎడమచేతి బ్యాటర్‌కు 4.2. ఇవి షోకేసుల్లో (రిక్రూటర్లకు చూపించడానికి పెట్టే ప్రదర్శనల్లో) ప్రింటై వస్తాయి, వాటి కోసం కోచ్ వెళ్ళక్కర్లేదు. వెళ్ళేది అంకెల్లో రానివాటి కోసం. మొదటిది, వేగం ఎదురైనప్పుడు ఏమి చేస్తున్నాడు: 78 మైళ్ళ పిచర్ మీద మూడు హిట్‌ల కన్నా 91 మీద గట్టిగా కొట్టిన ఒక్క ఫౌల్ బంతి ఎక్కువ చెబుతుంది. రెండోది, ఎలాంటి బంతులను వదులుతున్నాడు. ప్లేట్ కింద పడే స్లైడర్‌ను మొదటిసారి తిప్పి, రెండోసారి వదిలేశాడంటే నేర్చుకుంటున్నాడు. మూడోది, అవుటై డగౌట్‌లోకి (జట్టు కూర్చునే చోటికి) వెళ్ళాక. కెమెరా అక్కడికి రాదు, కోచ్ కళ్ళు రావాలి. తనకన్నా తక్కువ ఆడే తోటివాడికి నీళ్ళ సీసా అందిస్తున్నాడా, హెల్మెట్ విసురుతున్నాడా, తండ్రి వైపు చూస్తున్నాడా. ఇక హోమ్ ప్లేట్ వెనకే కూర్చుంటే స్వింగ్ అంతా కనిపించదు. కుడిచేతి బ్యాటర్‌ను మొదటి బేస్ వైపు నుంచి, ఎడమచేతి బ్యాటర్‌ను మూడో బేస్ వైపు నుంచి చూడాలి.

స్వింగ్ కన్నా ముందు మార్కుల కాగితం అడిగేవాడు మంచి రిక్రూటర్. డివిజన్ 1లో ఆడాలంటే హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లీషు, లెక్కలు లాంటి ముఖ్య సబ్జెక్టులు), వాటిలో 2.3 సగటు కావాలి. ఆ పదహారులో పది, సీనియర్ ఏడాది, అంటే 12వ తరగతి, మొదలయ్యేలోపే పూర్తవ్వాలి. నాలుగు నెలలు వెంటపడి, క్యాంపస్‌కు తీసుకొచ్చి, చివర్లో కుర్రాడు అర్హుడు కాడని తేలితే ఆ పొరపాటు కుర్రాడిది కాదు. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ కాలేజీలు, మంచి పేరున్న డివిజన్ 3 కాలేజీలలో అయితే 11వ తరగతి అయిన వేసవిలో అడ్మిషన్స్ ఆఫీసు మార్కులను ముందుగా చూసి అభిప్రాయం చెబుతుంది. అక్కడ స్పోర్ట్స్ స్కాలర్‌షిప్‌లు లేవు, కాబట్టి మాటంతా అడ్మిషన్ గురించే. చదువుల్లో ముందుండే మన ఇళ్ళ పిల్లలకు ఈ గుమ్మం మిగతావాటికన్నా విశాలంగా ఉంటుంది. చాలామంది తల్లిదండ్రులకు ఆ సంగతి తెలియక డివిజన్ 1 పేరు కోసం టోర్నమెంట్ల మీద వేల డాలర్లు పోస్తున్నారు.

డబ్బు లెక్క మారింది, ఇది జాగ్రత్తగా చదవండి. 2024-25 వరకు ఒక్కో డివిజన్ 1 జట్టుకు 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి. చాలా ఏళ్ళ పాటు వాటిని గరిష్ఠంగా 27 మందికి పంచాల్సి వచ్చేది, ఒక్కొక్కరికి కనీసం పాతిక శాతం. సగటున 43 శాతం వచ్చేది. అంటే చాలామంది ఆటగాళ్ళకు సగానికి పైగా ఫీజు ఇంటి నుంచే. ఆ రోజుల్లో రిక్రూటర్ సగం అకౌంటెంట్. ఇతర రాష్ట్రం కుర్రాడికి 40 శాతం ఇచ్చే బదులు స్వరాష్ట్రం కుర్రాడికి 25 ఇస్తే, మెరిట్ స్కాలర్‌షిప్ కలిపితే ఎంత మిగులుతుందో లెక్కగట్టేవాడు. ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్ళు వేసిన ‘హౌస్’ కేసులో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో, దాన్ని స్వీకరించిన కాలేజీలకు స్కాలర్‌షిప్ పరిమితి పోయింది, బదులుగా జట్టులో 34 మందే ఉండాలని పరిమితి వచ్చింది. ముందు నుంచీ ఉన్న కొందరికి మినహాయింపు ఇచ్చారు. ఫలితం? డబ్బున్న కాలేజీ 34 మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వగలదు. జట్టులో చివరన ఉండే కొందరికి, అంటే ‘రెండేళ్ళలో పనికొస్తాడు’ అని పెట్టుకునే పిల్లలకు, చోటే లేదు. వాళ్ళు ఇప్పుడు రెండేళ్ళ జూనియర్ కాలేజీలకో చిన్న కాలేజీలకో వెళ్ళి రెండేళ్ళు ఆడి వస్తున్నారు. అందుకే జూనియర్ కాలేజీ కోచ్‌లతో స్నేహం ఉన్న రిక్రూటర్‌కు ఇవాళ విలువ పెరిగింది.

జూలైలో మేజర్ లీగ్ డ్రాఫ్ట్ (ప్రొఫెషనల్ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకోవడం) ఇంకో గండం. 2021 నుంచి 20 రౌండ్లు. మీరు సంతకం చేయించిన హైస్కూల్ పిల్లల్లో ఇద్దరు డబ్బు తీసుకుని వెళ్ళిపోవచ్చు. మీ జట్టు జూనియర్లలో (మూడో ఏడాది వాళ్ళలో) నలుగురు వెళ్ళిపోవచ్చు. ఎవరూ వెళ్ళకపోతే 34 దాటుతారు! సంతకాల గడువు జూలై చివర్లో, క్లాసులు ఆగస్టులో. కాబట్టి ప్రతి మంచి కుర్రాడి ఇంట్లోనూ ‘ఎంత ఇస్తే వెళ్తారు?’ అనే ప్రశ్న మార్చిలోనే సూటిగా అడగాలి, మొహమాటపడితే ఆగస్టులో ఖాళీ చేతులు. 2018లో కుమార్ రాకర్, తల్లి వైపు భారతీయ మూలాలున్న పిచర్, హైస్కూల్ నుంచి నేరుగా ప్రొఫెషనల్‌కు పోకుండా వాండర్‌బిల్ట్‌లో చేరాడు. మరుసటి ఏడాదే జాతీయ పోటీల్లో సూపర్ రీజనల్ అనే దశలో డ్యూక్ మీద నో-హిటర్ (ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) వేశాడు, 19 స్ట్రైకవుట్లతో. వాండర్‌బిల్ట్ ఆ ఏడాది ఛాంపియన్. అలాంటివాడు ఒక్కడు ఆగినా జట్టు రాత మారుతుంది.

కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ 2018 అక్టోబరులో మొదలైంది, ఇప్పుడు ఆటగాళ్ళు ఏడాది ఖాళీగా కూర్చోకుండానే కాలేజీ మారొచ్చు. జూన్‌లో పేర్లు గంట గంటకూ వస్తుంటాయి. అప్పుడు వెతకడం మొదలుపెట్టేవాడు వెనకబడినట్టే. పేరు రాగానే మూడేళ్ళ క్రితం హైస్కూల్‌లో తాను రాసుకున్న నోట్సు తీసేవాడు గంటలో ఫోన్ చేస్తాడు. అప్పట్లో ‘నీకు మా దగ్గర చోటు లేదు’ అని మర్యాదగా, నిజం చెప్పిన రిక్రూటర్ ఫోన్‌ను ఆ కుర్రాడు ఎత్తుతాడు. జవాబివ్వకుండా మాయమైనవాడి ఫోన్ ఎత్తడు. ఈ వృత్తిలో మంచితనానికి ఇంత నేరుగా ప్రతిఫలం దొరికే చోటు ఇంకోటి లేదు.

దారి, జీతం. ప్రొఫెషనల్‌గా ఆడి ఉండాలన్న నియమం లేదు. టోనీ విటెల్లో మిస్సోరీ కాలేజీలో ఆడాడు, ప్రొఫెషనల్ లీగులో ఆడలేదు, కోచింగూ చేయలేదు. టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ)లోనూ, తర్వాత ఆర్కన్సాలోనూ హిట్టర్లనూ రిక్రూటింగ్‌నూ చూశాడు. 2017లో టెనెసీ హెడ్ కోచ్ అయ్యాడు. 2024లో ఆ కాలేజీకి మొదటి జాతీయ టైటిల్ తెచ్చాడు. 2025 అక్టోబరులో మేజర్ లీగ్ జట్టు శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కు మేనేజర్‌గా వెళ్ళాడు. అతని స్థానంలో టెనెసీ హెడ్ కోచ్ అయిన జాష్ ఎలాండర్, టీసీయూలో విటెల్లో కోచింగ్‌లో ఆడిన క్యాచరే. టెనెసీలో అతని కింద హిట్టింగ్, రిక్రూటింగ్ చూసినవాడే. ఉద్యోగాలు ఎలా దొరుకుతాయో ఈ వరసలోనే ఉంది: ప్రకటన చూసి కాదు, తెలిసినవాడు పిలిస్తేనే.

మామూలు నిచ్చెన ఇలా ఉంటుంది. ముందు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్: మాస్టర్స్ ఫీజు మాఫీ, నెలకు కొద్ది డబ్బు. లేదా జూనియర్ కాలేజీలో, ఎన్ఏఐఏ (చిన్న కాలేజీల వేరే సంఘం), డివిజన్ 2, 3లలో అసిస్టెంట్. అక్కడ కోచ్ గడ్డి కత్తిరిస్తాడు, మట్టి చదును చేస్తాడు, వ్యాన్ నడుపుతాడు, పిల్లల బట్టలు ఉతుకుతాడు. వేసవిలో కాలేజీ పిల్లలు చెక్క బ్యాట్లతో ఆడే లీగుల్లో కోచింగ్. ఐదారేళ్ళ తర్వాత చిన్న డివిజన్ 1. మొదట్లో జీతం స్కూల్ టీచరు జీతానికి అటూ ఇటూగా, తరచూ ఇటే. ఎస్ఈసీ లాంటి పెద్ద కాన్ఫరెన్సుల్లో (కాలేజీల కూటముల్లో) పేరున్న అసిస్టెంట్లకు లక్షల డాలర్లు. నా మాట మీద ఆధారపడకండి, ప్రభుత్వ యూనివర్సిటీల జీతాలు చాలా రాష్ట్రాల్లో ఆన్‌లైన్‌లో బహిరంగంగానే ఉంటాయి, పేరు కొట్టి చూసుకోండి. క్యాంపుల ఆదాయం దానికి అదనం. నియమం ప్రకారం ఆ క్యాంపులు ఎవరైనా చేరేలా ఉండాలి.

చెడు వైపు కూడా చెప్పాలి. కాంట్రాక్టు ఎక్కువగా ఏడాదిది. హెడ్ కోచ్‌ను తీసేస్తే అసిస్టెంట్లు అందరూ పోతారు, తప్పు ఎవరిదైనా. పదేళ్ళలో నాలుగు రాష్ట్రాలు మారడం మామూలే. వేసవి మొత్తం ఇంట్లో ఉండరు. ఇల్లు కొనడం, భార్య ఉద్యోగం, పిల్లల స్కూలు అన్నీ దీని చుట్టూ తిరుగుతాయి. నియమాల పుస్తకం మీద కూడా పట్టుండాలి: పెట్టకూడని రోజు కుర్రాడికి పెట్టిన ఒక్క మెసేజ్ కాలేజీ పేరును, ఉద్యోగాన్ని రెండింటినీ చెడగొట్టగలదు. అనుమానం వస్తే పంపే ముందే కాలేజీలో నియమాలు చూసే కంప్లయెన్స్ ఆఫీసును అడగాలి, పంపిన తర్వాత కాదు.

మీవాడికి రెండేళ్ళున్నాయి కాబట్టి చేయగలిగింది చాలా ఉంది. తన జట్టులో ప్రత్యర్థి పిచర్ల రిపోర్ట్ తయారుచేసే పని తానే అడిగి తీసుకోవాలి. డివిజన్ 3లో దానికి వేరే మనిషి ఉండడు, ఎవరూ కాదనరు. ట్రాక్‌మ్యాన్ ఫైళ్ళను స్ప్రెడ్‌షీట్‌లో విడగొట్టడం నేర్చుకోవాలి. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఉంటే ఇంకా మంచిది. స్పానిష్ కొంచెం నేర్చుకుంటే, టెక్సస్, ఫ్లోరిడా జూనియర్ కాలేజీల్లో సగం సంభాషణ అర్థమవుతుంది. వేసవుల్లో 12 ఏళ్ళ పిల్లలకు కోచింగ్ ఇవ్వాలి. స్వింగ్ గురించి ఒక్క వాక్యంలో చెప్పడం పిల్లల దగ్గర వచ్చినట్టు ఇంకెక్కడా రాదు. జనవరి మొదట్లో అమెరికన్ బేస్‌బాల్ కోచెస్ అసోసియేషన్ సమావేశం జరుగుతుంది. ఉపన్యాసాలు వినడానికి కాదు, హోటల్ లాబీలో నిలబడడానికి వెళ్ళాలి. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ ఖాళీలు చాలా వరకు ఆ లాబీలోనే నిండుతాయి.

ఆ లాబీకి తీసుకెళ్ళే కాగితం మీద తన బ్యాటింగ్ సగటు రాసుకోకూడదు, ఎవరూ చదవరు. ఈ రెండేళ్ళూ కాలేజీ చుట్టుపక్కల హైస్కూల్ మ్యాచ్‌లు వారానికి ఒకటి చూడమనండి. స్టాండ్స్‌లో కూర్చుని చూడడమే, పిల్లలతోనో వాళ్ళ తల్లిదండ్రులతోనో కాలేజీ పేరు మీద మాట్లాడొద్దు. నచ్చిన ప్రతి బ్యాటర్ పేరు, తేదీ, ఎదురు పిచర్ వేగం, ‘ఎక్కడ ఆడగలడు’ అన్న తన అంచనా రాసుకోవాలి. తర్వాత ఆ కుర్రాడు నిజంగా ఎక్కడ చేరాడో పక్కన నింపుకోవాలి. అరవై పేర్లు, వాటి పక్కన తన తప్పులు కూడా చెరపకుండా ఉన్న ఆ జాబితా చూపిస్తే, ఏ హెడ్ కోచ్ అయినా కాఫీ పక్కన పెట్టి చదువుతాడు.